పెరిగే పిల్లలు

మా ఆయన కత్తెర మేకుకి తగిలించింది జనవరి రెండో వారంలో. నలభై రెండేళ్ళు కోట్లు కుట్టిన మనిషి. వయసు మీదపడింది, ఇక విశ్రాంతి తీసుకుంటానని అందరికీ చెప్పుకున్నారు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. చెయ్యి వణికి, ఎన్నేళ్ళుగానో కుట్టించుకునే ఒకాయన కోటు ముందుభాగం వంకరగా కత్తిరించేశారు. కొత్త గుడ్డ కొనిచ్చి, క్షమించమని చెప్పి పంపించి, ఆ మధ్యాహ్నమే షట్టరు దించేశారు.

ఇంటి ముందు గదే మా కొట్టు. ఆయనతో పాటు నేనూ రిటైరయ్యాను, నన్నెవరూ అడగలేదనుకోండి. కత్తిరించడం, మిషను మీద కుట్టడం ఆయన పని. కాజాలు, గుండీలు, అంచు మడతలు నావి. వీధి మొత్తానికి నేను కాజాలమ్మని. అమ్మానాన్నా పెట్టిన పేరు ఒక్కోసారి నాకే గుర్తు రాదు.

పిల్లల బట్టల విషయంలో మాత్రం ఆయనకో పట్టింపు ఉండేది. మా అమ్మాయికీ అబ్బాయికీ ఏం కుట్టినా లోపల అంగుళం గుడ్డ మడిచి వదిలేవారు. పెరిగే పిల్లలు కదా అనేవారు. ఏటా ఆ కుట్లు విప్పి పెద్దవి చేసే చాకిరీ ఎవరిదో చెప్పక్కర్లేదు.

మార్చిలో మా అబ్బాయి బాంబు పేల్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వాడు, బీమా ఆఫీసులో పన్నెండేళ్ళుగా చేస్తున్న ఉద్యోగం మానేసి, నర్సింగు చదువులో చేరాడు. నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. మా అత్తగారు మంచాన పడ్డప్పుడు ఆవిడని పక్కకి తిప్పి పడుకోబెట్టిందీ, తల దువ్విందీ వాడే. ఈయన మాత్రం మొహం గంటు పెట్టుకున్నారు. ఆఫీసు కుర్చీ వదిలేసి పక్కలు సర్దడానికి పోతున్నాడని గోడతో చెప్పుకున్నారు. ఆ రోజు నుంచి కొడుకుతో నేరుగా మాట లేదు. "వాడితో చెప్పు" అంటారు, "నాన్నకి చెప్పమ్మా" అంటాడు. ఈ వయసులో నాకు కొత్తగా తపాలా ఉద్యోగం దొరికింది.

సెప్టెంబరులో మా అమ్మాయి జడ్జి అయింది. పదహారేళ్ళ నుంచి లాయరు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వెనక్కొచ్చి, మూడోసారి నెగ్గింది. పన్నెండు రోజుల్లో ప్రమాణం. వస్తూ వస్తూ కోటుకని నల్లగుడ్డ తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని తీసి పక్క కుర్చీలో పెట్టి, బజారులో కుట్టినవి మంచివి దొరుకుతాయన్నారు.

"పదహారేళ్ళు నువ్వు కుట్టిన కోట్లతోనే వాదించాను నాన్నా," అంది. "నువ్వు కుట్టకపోతే మోచేతుల దగ్గర వెలిసిపోయిన ఆ పాతదే వేసుకుని వెళ్తాను."

అంతపనీ చేస్తుంది. ఆ మొండితనం ఎక్కడిదో నాకు తెలుసు.

వారం రోజులు ఆ గుడ్డ కుర్చీలోనే ఉంది. ఈయన దాని చుట్టూ తిరిగేవారు, దానివైపు మాత్రం చూసేవారు కాదు. ఎనిమిదో రోజు పొద్దున నాకు ఒళ్ళు మండింది. మేకుకున్న కత్తెర తీసి బల్ల మీద పెట్టాను.

"మీరు గీయండి. నేను కత్తిరిస్తాను."

"నీకు కటింగు ఏం తెలుసే?"

"నలభై రెండేళ్ళుగా మీ ఎదురుగా కూర్చున్నది గోడ అనుకున్నారా?"

విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి తిరిగొచ్చారు, చేతిలో సుద్దముక్కతో.

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీశారు. అయినా గీత వణికింది. ఫరవాలేదు. ఆ వణుకులో అసలు గీత ఎక్కడుందో నాకు తెలుసు. మొదట భయంభయంగానే కత్తెర ఆడించాను. చంక దగ్గర మలుపు తిరిగాక భయం పోయింది. ఇంత హాయైన పనిని ఇన్నేళ్ళూ ఈయన ఒక్కరే చేసుకున్నారా అని కోపం కూడా వచ్చింది.

పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. కొలత కన్నా అంగుళం ఎక్కువ గీసి ఉంది. చేతులకీ అంతే. ఇదేమిటని అడిగాను.

"పెరిగే పిల్ల కదా," అనేశారు.

పెరిగే పిల్లకి నలభై ఒకటి నిండాయి, చెంపలు నెరుస్తున్నాయి. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జనవరి తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. అలవాటులో పొరపాటైంది, చెరిపేస్తానన్నారు. నేను చెరపనివ్వలేదు, ఆ అంగుళం వదిలే కత్తిరించాను.

ప్రమాణం రోజు హాలు నిండిపోయింది. మా అబ్బాయి ఆసుపత్రిలో ట్రైనింగు నుంచి నేరుగా వచ్చి, కొన్న తెల్ల యూనిఫారంలోనే మా వెనక వరసలో కూర్చున్నాడు. అమ్మాయి చెయ్యెత్తి ప్రమాణం చదివింది. అందరూ దాని మొహం చూస్తుంటే ఈయన చంక దగ్గర కుట్టు చూస్తున్నారు. ఒక్క ముడత పడలేదు. నా కళ్ళు నిండిపోయాయి. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

అంతా అయ్యాక అమ్మాయి ఒక పెద్ద జడ్జిగారిని వెంటబెట్టుకుని మా దగ్గరికొచ్చింది. కోటు ఎవరు కుట్టారని ఆయన అడిగారు. నలభై రెండేళ్ళలో ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఒకటే జవాబు ఉండేది.

"గీసింది నేనండి," అన్నారు మా ఆయన. "కత్తిరించింది ఈవిడ."

ఆ మాట చెవిన పడ్డాక నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అమ్మాయి కోటు లోపలి మడత వేలితో తడిమి చూసి, ఇంత గుడ్డ ఎందుకు వదిలారని అడిగింది.

"ఇంకా పెద్ద కోర్టు ఉంది కదే," అన్నాను. "అప్పుడు విప్పుతాను."

అది పకపకా నవ్వింది, వెనక నుంచి వాళ్ళ తమ్ముడూ నవ్వాడు. ఆ నవ్వు విని ఈయన వెనక్కి తిరిగారు. కొడుకుని పైనుంచి కిందికి చూశారు. చూపు భుజాల దగ్గర ఆగింది.

"ఎవడు కుట్టాడురా అది? భుజాలు జారిపోతున్నాయి. రేపు పొద్దున కొలతలకి రా."

ఆరు నెలల తర్వాత నా చేతిలో పెట్టకుండా నేరుగా వాడికే అందించిన ఉత్తరం అది. వాడు తలూపాడు.

ఇంటికెళ్తూ తెల్లగుడ్డ కొన్నాం. మర్నాడు షట్టరు పైకెత్తి, గుడ్డ బల్ల మీద పరిచి, వాడికి ఎంత వదలమంటారని అడిగాను.

"రెండంగుళాలు," అన్నారు సుద్ద అందుకుంటూ. "వాడు ఆలస్యంగా మొదలెట్టాడు కదా."