నా బలం, ఒక ఉదాహరణ

చొక్కా కాలరు ఆమె ఇస్త్రీ చేస్తుంటే వెనక నుంచి భర్త అన్నాడు. "ఆ కాగితం మర్చిపోకు. వెళ్లగానే ఇచ్చెయ్, పీడా పోతుంది."

కాగితం హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. మాటలు ఆయనవి, చేతిరాత ఆమెది. కుటుంబ కారణాల వల్ల శిక్షణ విభాగం హెడ్డు పదవి తీసుకోలేనని. తొమ్మిదేళ్లుగా కాలేజీ పిల్లలకి ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పుతున్నారు కదా, ఆ కుర్చీ మీరే తీసుకోండి అన్నాడు ప్రిన్సిపాల్. ఈ రోజు సాయంత్రం అయిదులోగా జవాబు రాసివ్వాలి, దాటితే ఇంకొకరికి. ఇంట్లో చెబితే భర్త నవ్వాడు. "నవ్వడమూ నుంచోవడమూ నేర్పడానికి మళ్లీ ఒక హెడ్డా?" అత్తగారు మటుకు నవ్వలేదు. "నువ్వు ఏడింటికి ఇల్లు చేరితే నా మందులెవరిస్తారమ్మా?" అంది. మందుల డబ్బా ఆవిడ మంచం పక్కనే, చెయ్యి చాపితే అందుతుంది. ఆవిడ కొడుకూ అంత దగ్గర్లోనే ఉంటాడు, కానీ ఆ సంగతి ఎవరికి తడుతుంది!

పొద్దున రెండుసార్లు ప్రిన్సిపాల్ గది దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మధ్యాహ్నం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. వీపు నిటారుగా, చేతులు ఒళ్లో, పెదాల మీద కొలిచినట్టు నవ్వు. అన్నీ ఆమె నేర్పినవే.

"నీ బలం ఏమిటి?"

"ఎవరితోనైనా సర్దుకుపోతాను మేడమ్."

భలే! ఆమె పంచిన నోట్సులో రెండో పేజీ వాక్యం అది. ఏటా వందమంది చేత వల్లె వేయించింది. ఊరికే చెబితే చాలదు, ఉదాహరణ ఉండాలని నేర్పిందీ ఆమే. అందుకే అడిగింది.

"పైచదువుకి వేరే ఊళ్లో సీటొచ్చింది మేడమ్. నువ్వెళ్తే నాన్నకీ అన్నయ్యకీ వంటెవరు చేస్తారంది నానమ్మ. మానేశాను. చేరడానికి గడువు నిన్నటితో అయిపోయింది. ఇంట్లో ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు."

నవ్వు చెక్కుచెదరలేదు. మార్కుల కోసం ఎదురు చూస్తోంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఆమె మార్కుల కాగితం దగ్గరికి లాక్కుంది. అయ్యో, ఈ పిల్లకి ఏడవడం కూడా రాకుండా చేసింది తనే కదా! తను పెట్టిన రూలు ప్రకారం పదికి పది వెయ్యాలి. పెన్ను కదల్లేదు.

"నువ్వు బాగానే చెప్పావు. నా నోట్సే బాగాలేదు," అంది. "రెండో పేజీలో ఆ వాక్యం కొట్టేయండి, అందరూ."

పిల్లలు తెల్లబోయి కొట్టేశారు. "మరి ఏం చెప్పమంటారు మేడమ్?" అంది ఆ పిల్ల. ఆమె గోడ గడియారం వైపు చూసింది. ఈ పిల్ల గడువు నిన్నటితో పోయింది. తనకింకా రెండు గంటల టైముంది.

అయిదుకి పది నిమిషాలుండగా ప్రిన్సిపాల్ ముందు నుంచుంది. బ్యాగులో ఫోను మోగుతూనే ఉంది. ఇచ్చేశావా అని భర్త అడగడానికే, ఇంకెందుకు! ప్రిన్సిపాల్ కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆమె బ్యాగు తెరవలేదు.

"నేను చేస్తానండీ."

"ఇంట్లో అడిగారా?"

అలవాటైన నవ్వు పెదాల మీదికి రాబోయింది. రానివ్వలేదు.

"అడగలేదండీ. వెళ్లి చెబుతాను."