డబ్బా మీది ఎర్ర అక్షరాలు

చెప్పులకు సోలు అతికించే ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఇంగ్లీషక్క అనేవారు. పదో తరగతి గట్టెక్కకుండానే పనిలో చేరిన మనిషి. సూపర్‌వైజర్ ఇంగ్లీషులో ఒక్క మాట విసిరితే నలభై మంది నోళ్లు మూతపడటం చూసి, పాత పుస్తకాల కొట్లో పదాల పుస్తకం ఒకటి కొనుక్కుంది. రోజుకు పది మాటలు అర్థంతో, ఉచ్చారణతో సహా వల్లె వేసేది. భోజనాల వేళ వాటిని తోటి ఆడవాళ్లకు చెప్పేది.

"నైఫ్‌లో మొదటి అక్షరం పలకకూడదు."

"పలకనిదాన్ని రాయడం దేనికక్కా?" అనేది పక్క బల్ల దగ్గర పనిచేసే ఆమె సొంత చెల్లెలు.

"మన సూపర్‌వైజర్ లేడూ? అలాగే. ఉంటుందంతే."

అందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. చెల్లెలికి మాత్రం అక్క మాటంటే రాతి మీద గీత.

ఒకరోజు అక్క కొత్త కిటుకు చెప్పింది. "మాట ముందు ఇన్ చేరితే అర్థం తిరగబడుతుంది. కరెక్ట్ అంటే సరైనది, ఇన్‌కరెక్ట్ అంటే కానిది. ఇది పట్టుకుంటే వంద మాటలు వచ్చినట్టే."

ఆ వారమే జిగురును పలుచన చేసే కొత్త ద్రావకం వచ్చింది. డబ్బా మీద ఎర్ర అక్షరాలతో ఒకే ఒక్క మాట. ఏమిటని చెల్లెలు అడిగింది.

"ఇన్‌ఫ్లేమబుల్," అని అక్క తడబడకుండా పలికింది. "ఫ్లేమ్ అంటే మంట. ముందు ఇన్ ఉంది కదా. మంట అంటుకోనిదన్నమాట."

అటుగా వెళ్తున్న సూపర్‌వైజర్‌కూ ఆ మాట తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చి, "అంతే, అంతే," అని తలూపి వెళ్లిపోయాడు.

చెల్లెలు డబ్బాను చేతికందేలా, సోలు వేడిచేసే హీటర్ పక్కనే పెట్టుకుంది. మధ్యాహ్నం మూత తీసింది. మంట భగ్గుమని ఆమె మీదికి లేచింది.

ఆసుపత్రిలో మూడు రోజులు కొట్టుమిట్టాడింది. స్పృహలో ఉన్నప్పుడు ఒక్కసారే అడిగింది. "అక్కా, అంటుకోదన్నావుగా?" నిందించినట్టు లేదు. భోజనాల వేళ అర్థం అడిగినట్టే ఉంది. ఆ సాయంత్రమే చెల్లెలు కన్నుమూసింది.

విచారణకు వచ్చిన అధికారి వాంగ్మూలం ఇంగ్లీషులో రాసి, సంతకానికి అక్క ముందు పెట్టాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివి ఒకచోట వేలు ఆపింది.

"నెగ్లిజెన్స్. ఈ మాట నాకు తెలుసు సార్. అజాగ్రత్త. ఎవరిది?"

అధికారి కలం పక్కన పెట్టాడు. "పనివాళ్లదనే రాయాల్సి వచ్చిందమ్మా. నిజానికి ఆ డబ్బా మీది మాటకు మంట అంటుకునేది అనే అర్థం. బాగా చదువుకున్నవాళ్లు కూడా అక్కడ బోల్తా పడతారు. కానీ హెచ్చరిక ఉందా లేదా అన్నదే నేను చూడాలి. ఏ భాషలో ఉందో రాయడానికి ఇందులో గడి లేదు."

"మా చెల్లికి మన భాష చదవడం వచ్చు సార్. మంట అంటుకుంటుంది, దూరంగా పెట్టండి అని మన మాటల్లో రాసుంటే తనే చదువుకునేది. నన్ను అడిగే పనే ఉండేది కాదు."

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు సంతకం పెట్టకపోయినా ఇది ఇలాగే వెళ్తుంది," అన్నాడు.

ఆమె పెట్టలేదు. ఆ కాగితం అలాగే వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఎవరికీ ఒక్క మాటకైనా అర్థం చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

ఇంగ్లీషు నేర్చుకోవాల్సిందే, కాదనేవారు లేరు. కానీ అది రానంత మాత్రాన ఎవరి ప్రాణమూ పోకూడదు. ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక ఏదైనా, ఆ పని చేసే మనిషికి తెలిసిన భాషలోనే రాసి తీరాలి.