వడ్డన సందు

“నీ చెయ్యి వడ్డిస్తేనే నాకు అన్నం తిన్నట్టుంటుంది” అంటారు మా ఆయన. పెళ్ళయిన కొత్తలో అన్నారు, మొన్న రాత్రీ అన్నారు. కొత్తలో ఆ మాటకి మురిసిపోయి, బడి నుంచి పరుగెత్తుకొచ్చి, చెమటయినా తుడుచుకోకుండా గరిటె పట్టుకునేదాన్ని. మొన్న రాత్రి మాత్రం నేను రాజోలు వెళ్ళడానికి వీల్లేదని చెప్పడానికి అన్నారు. అది నాకు తెలుసు. తెలిసి కూడా లోపల కాస్త మురిశాను, అదీ నా తెలివి.

రాజోలు వైపు ఒక ఆడపిల్లల బళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌గా నాకు ప్రమోషన్ వచ్చింది. సోమవారం చేరాలి, లేకపోతే నా వెనకవాళ్ళకి ఇచ్చేస్తారు. మధ్యలో రేవు దాటాలి కాబట్టి అమలాపురం నుంచి రోజూ వెళ్ళి రావడం కుదరదు. అక్కడే గది తీసుకుని ఉండి శనివారం సాయంత్రానికి ఇంటికి రావాలి. అమ్మాయి కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, మా అత్తగారు సుందరమ్మగారు. ఆవిడకి ఏ జబ్బూ లేదు, దేవుని దయవల్ల గొంతు మరీ బాగుంది. “మొగుడి కడుపు మాడ్చి సంపాదించే హోదా ఎందుకే” అని కుటుంబ ప్రార్థన అవగానే అన్నారు. ఆమెన్‌కీ ఆ మాటకీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. మా ఆయన ఇశ్రాయేలు మాస్టారు, నేను పనిచేసే బళ్ళోనే లెక్కలు చెబుతారు. ఆయన కోప్పడే మనిషి కాదు. అన్నం కలుపుకుంటూ నా చెయ్యి గురించి ఆ ఒక్క మాట అన్నారంతే. సువర్ణ, అంటే నేను, చేరడం లేదని మా హెడ్మాస్టారితో అప్పటికే చెప్పేశారని మర్నాడు స్టాఫ్ రూములో తెలిసింది. నన్ను అడగలేదేమని ఎవరూ అనుకోలేదు, నేను తప్ప. నేనూ పైకి అనలేదు.

ఆ రెండో శనివారమే బడివాళ్ళమంతా వైనతేయ ఏటికి అవతలి లంకలో ఉన్న రాజుగారి మేడకి వనభోజనాలకి వెళ్ళాం. ఎనభై రెండో సంవత్సరం, కార్తీకమాసం. ఎవరి దేవుడు వాళ్ళకున్నా గుత్తివంకాయ కూర దగ్గర మా స్టాఫంతా ఒకటే. వారసులు హైదరాబాదులో ఉంటారు, అడిగితే ఒక పూటకి మేడ తాళం తీయిస్తారు. పడవలో మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, “మన తాతలు గుమ్మం తొక్కని మేడ. ఇవాళ లోపల కూర్చుని భోంచేస్తాం” అన్నారు. ఆ మాటకి నాకూ గర్వంగానే అనిపించింది. మా నాయనమ్మ దానమ్మ ఆ తోటకి కావిడితో నీళ్ళు మోసింది. తోట దాటి లోపలికి అడుగుపెట్టనివ్వలేదు. పెరటి గోడలో ఒక కంత ఉండేదట, అందులోంచి ఒక చెయ్యి బయటికొచ్చి కూలివాళ్ళ ముంతల్లో గంజి పోసేదట. “ఆ మేడలో ఆడమనుషులు ఉండరే, చేతులే ఉంటాయి” అని చెప్పేది. చిన్నప్పుడు ఆ మాటకి భయపడి దుప్పటి ముసుగేసుకునేవాళ్ళం.

తోట పెద్దది. ఒకప్పుడు సముద్రాల మీద నుంచి తెప్పించిన చెట్లట, ఒక్కోదానికీ ఇనప పలక కట్టి ఉంది, పలకల మీద పేర్లు తుప్పు తినేసింది. క్రోటన్లు మనిషెత్తు దాటి గుబుర్లయిపోయాయి. పిల్లలు అరుచుకుంటూ వాటి మధ్యకి పరుగెత్తితే, నాలుగడుగులు పోగానే అరుపులు వినబడడం మానేశాయి. మేరీ టీచరు కంగారుపడి వెనకాలే వెళ్ళింది. పొన్న పూల వాసన తలనొప్పి పుట్టించేంత చిక్కగా ఉంది. మేడ వెనక గుమ్మం నుంచి ఏటి దాకా రెండు వైపులా నిలువెత్తు గోడలు కట్టిన సన్నటి దారి కనబడింది. రాణివాసం ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా స్నానాలకి వెళ్ళే దారి అది.

గుమ్మం దగ్గర అచ్చాయమ్మ అనే ముసలావిడ నిలబడి ఉంది. మేడకి కాపలా ఆవిడే. అందరూ ఎదటి మనిషి మొహం చూస్తారు, ఆవిడ నా చేతులు చూసింది. చాలాసేపు చూసి, తమరెవరమ్మాయని అడిగింది. తోటకి నీళ్ళు మోసిన దానమ్మ మనవరాలినన్నాను.

“ఆయ్, ఎరుగుదునండి. ఆవిణ్ణి ఈ గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదండి” అంది. తాళం తీస్తూ, “ఎక్కినోళ్ళని దిగనిచ్చేవారు కాదండి” అంది.

మగవాళ్ళు పొన్న చెట్ల కింద పేకాట పరిచారు. మేం వంటింట్లో పొయ్యిలు వెలిగించాం. మనిషి మసలని వంటిల్లు, గోడల నిండా పాతకాలం మసి. అయినా పొయ్యిలో బూడిద మెత్తగా, నిన్నో మొన్నో ఆరినట్టుంది. అచ్చాయమ్మని అడిగితే తన గంజి తన గదిలోనే కాచుకుంటానంది.

భోజనాల వేళకి హెడ్మాస్టారు నరసింహమూర్తిగారికి సరదా పుట్టింది. రాజుగార్లు తిన్నట్టే తిందామన్నారు. మేడ భోజనాల హాల్లో గోడ పొడుగునా పీటలు వేసుంటాయి. ప్రతి పీట పక్కనా గోడలో, మోకాలెత్తున ఒక చిన్న కిటికీ. గోడ వెనకాల చీకటి సందు. కోడళ్ళు ఆ సందులో వంగి నడుస్తూ, కిటికీలోంచి చెయ్యి మాత్రం పెట్టి ఆకులో వడ్డించేవారట. గోషా కదా, మామగార్లకీ బావగార్లకీ, ఆఖరికి మొగుడికి కూడా నలుగురిలో చెయ్యి తప్ప కనబడకూడదు. హెడ్మాస్టారి భార్య భూలక్ష్మిగారు వసారాలో పిల్లలకి అన్నాలు పెట్టేపనిలో ఉన్నారు. మేరీ ఇంకా తోటలోంచి మిగతా పిల్లల్ని ఏరుకొస్తూనే ఉంది. సందులో ఎలాగూ ఒక్క మనిషే సుళువుగా మసలగలదు. “మా సువర్ణ ఒక్కతే చాలండి, దాని చేతివాటం అలాంటిది” అన్నారు మా ఆయన. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు.

వంటింట్లోంచి ఆ సందులోకి దూరాను. నడుం వంచితే తప్ప కదలలేని చోటు. కిటికీ చట్రాల కింది కొయ్య గాజుల రాపిడికి గాడి పడి నున్నబడిపోయింది. ఎన్ని మణికట్లు అరిగాయో, కొయ్య మాత్రం గుర్తుపెట్టుకుంది. అవతలి వైపు ఆకూ, ఆకు మీద చేతివేళ్ళూ తప్ప ఏమీ కనబడవు. అయినా మా ఆయన ఆకు దగ్గరికి రాగానే ఆగాను. పచ్చిమిరపకాయ ముక్కలు ఎడమ అంచుకి వరసగా పేర్చడం, పప్పులో నెయ్యికి బొటనవేలితో గుంట చెయ్యడం, ఇంకెవరు చేస్తారు. ఆకు చూసి మనిషిని గుర్తుపట్టాను. వడ్డించి ముందుకి కదిలాను. రెండో విడత వడ్డనకి నడుం పట్టేసింది. గోడకి చేరబడి నిలబడిపోతే చీకట్లోంచి అచ్చాయమ్మ నా చేతిలో గరిటె తీసుకుంది.

“మీరు కూకోండి పంతులమ్మగారూ. ఈ సందు నాకలవాటేనండి.”

ఆవిడ చెయ్యి ఎండిన కొబ్బరిమట్టలా ఉంది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. పాతకాలపు ఆకుపచ్చ గాజులు దండిగా. నా చేతికి రెండే ఎర్ర గాజులు, మునివేళ్ళ మీద చాక్‌పీసు మరక, బొటనవేలి పక్కన పెళ్ళయిన ఏడాదే కాలిన మచ్చ. ఆవిడ చెయ్యి మా ఆయన కిటికీ వైపు వెళ్తుంటే నేను మనసులో ఒక పందెం వేసుకున్నాను. ఎవరమ్మా నువ్వు, సువర్ణేదీ అని ఆయన అడిగితే చాలు, రాజోలు ఊసెత్తను. సోమవారం ఎప్పటిలాగే అమలాపురం బడికి పోతాను. నా చేతి గురించి ఆయనన్న మాట నిజమైతే ఉద్యోగం లేకపోయినా ఫరవాలేదు. దేవుని ఎదట చెబుతున్నాను, ఆయన అడగాలనే కోరుకున్నాను.

చెయ్యి కిటికీలోకి వెళ్ళింది. గాజులు కొయ్యకి తగిలి గలగలమన్నాయి.

“సువర్ణా, ఇంకో వంకాయ వెయ్యి. నీ చెయ్యి పడితేనే ఆ రుచి” అన్నారు మా ఆయన.

చెమటకి తడిసిన జాకెట్టు ఒక్కసారిగా చల్లబడినట్టయింది. ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళు ఎవరి గురించి అన్న మాటని నా గురించి అనుకున్నాను అన్న ఆలోచన ఒక్కటే తిరిగింది. జ్వరంలో వడ్డించాను, నెలలు నిండి వడ్డించాను, మా అమ్మ పోయిన కబురు అందాక కూడా ఆయన చెయ్యి కడుక్కునేదాకా వడ్డించి అప్పుడు ఏడ్చాను. అవన్నీ ఏ చేతికి చెందాయి? అచ్చాయమ్మ గరిటె గిన్నెలో పెట్టి, మజ్జిగ కుండ మీద మూత సరిచేసి, గాలి పోసుకుందురుగాని రమ్మని గోడల దారిలోంచి నన్ను రేవుకి తీసుకెళ్ళింది. మజ్జిగ ఇంకా ఎవరికీ పోయలేదు, కుండ నిండుగా ఉంది, నేను చూశాను. వంటింటి తలుపు మా వెనకాలే వేసింది.

రేవు మెట్ల మీద కూర్చుని ఆవిడ చెప్పింది. ఆఖరి దొరగారి భార్యని చిన్నమ్మగారనేవారు. ఆవిడతో పాటు పుట్టింటి నుంచి దాసీగా వచ్చింది అచ్చాయమ్మ. దొరగారు రాత్రిళ్ళు వేరే ఊళ్ళో ఉండేవారు, ఈ మేడకి మధ్యాహ్నం భోజనానికే వచ్చేవారు. ఒకరోజు చిన్నమ్మగారు తన గాజులు తీసి అచ్చాయమ్మకి తొడిగి, నా బదులు వడ్డించు, ఒక్క పూట ఏటి గాలికి కూర్చుంటానంది. దొరగారు కనిపెట్టలేదు. మర్నాడూ కనిపెట్టలేదు. ఒక మధ్యాహ్నం అచ్చాయమ్మ వడ్డన ముగించి రేవుకి వస్తే మెట్ల మీద ఎవరూ లేరు. కొబ్బరికాయల పడవ ఒకటి మలుపు తిరుగుతోంది.

“మరి మేడలో?” అన్నాను.

“నేను వడ్డిస్తానే ఉన్నానండి. వానలు ఎల్లేదాకా. ఆయన కూర బాగుందనేవారండి. వ్రతానికి పక్క పీట మీద కూకోవాల్సొచ్చినప్పుడు తెలిసిందండి మనిషి లేదని.”

చిన్నమ్మగారు ఏట్లో పడి చనిపోయారా అని అడిగాను. అచ్చాయమ్మ తల అడ్డంగా ఊపింది.

“ఊరు అలాగే అంటదండి. ఇంకెక్కడో కూకుని అన్నం తిన్నారని నేననుకుంటానండి. వడ్డనకి మాత్రం ఇప్పటికీ ఎవరో వస్తారండి. నేను సందులో లేనప్పుడు.”

గోడల దారి చివర, మేడ వైపు నుంచి గాజుల చప్పుడు వినబడింది. నెమ్మదిగా, ఒక్కో కిటికీ దగ్గరా ఆగి, మళ్ళీ కదిలి. నేను అచ్చాయమ్మ చేతులు చూశాను. రెండూ ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి. ఆవిడ నీళ్ళకేసి చూస్తోంది.

మేం తిరిగి వచ్చేసరికి మగవాళ్ళు చేతులు కడుక్కుని తాంబూలాలు వేసుకుంటున్నారు. వంటింటి తలుపు వేసింది వేసినట్టే ఉంది. తీసి చూస్తే మజ్జిగ కుండ ఖాళీ. సందు పొడుగునా నేల మీద మజ్జిగ చుక్కలు, ఒక్కో కిటికీ కిందా ఒక్కోటి. భూలక్ష్మిగారు వసారా వదిలి కదలలేదు. మేరీ అప్పుడే పిల్లల్ని తోలుకుని తోటలోంచి వస్తోంది. నాకు మిగిలిన పులిహోర ఆకులో పెట్టుకుని, రేవు మెట్ల మీదకి వెళ్ళి, ఏటికి ఎదురుగా కూర్చుని తిన్నాను. వేడి లేదు, ఉప్పు కాస్త ఎక్కువైంది. అయినా నా చేతి వంట నాకు మొట్టమొదటిసారి రుచి తెలిసింది. భయం వెయ్యలేదంటే అబద్ధం. భయపడుతూనే తిన్నాను.

సాయంత్రం పడవ ఎక్కేటప్పుడు అచ్చాయమ్మ గట్టు మీద నిలబడింది. చెయ్యి ఊపుతుందేమోనని చూశాను. రెండు చేతులూ కొంగులో దాచుకుంది. మేడ పొన్న చెట్ల వెనక్కి వెళ్ళేదాకా నేను అటే చూస్తున్నాను. మా ఆయన పక్కన కూర్చుని పొట్ట నిమురుకుంటూ, “మజ్జిగ ఎంత బాగుందనుకున్నావ్. కూరల కంటే అదే. నువ్వు పోస్తేనే దానికా రుచి” అన్నారు.

“మజ్జిగ పోసింది నేను కాదండి” అన్నాను.

“నువ్వు కాకపోతే ఎవరు? గాజుల చెయ్యే కదా.”

“వంకాయ వేసింది అచ్చాయమ్మగారు. మజ్జిగ పోసేటప్పుడు ఆవిడా నేనూ రేవులో ఉన్నాం. భూలక్ష్మిగారు వసారాలో, మేరీ తోటలో.”

ఆయన నవ్వబోయి ఆగారు. ఒకసారి భూలక్ష్మిగారికేసి, ఒకసారి మేరీకేసి చూశారు. తర్వాత వెనక్కి తిరిగి లంకకేసి చూశారు. అప్పుడు, ఇరవయ్యేళ్ళ కాపురంలో మొదటిసారి, నా ఒళ్ళో ఉన్న నా చేతుల్ని చూశారు. కాలిన మచ్చ దగ్గర ఆయన చూపు ఆగింది. ఇదెప్పటిది అని అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు.

“సోమవారం నేను రాజోలు వెళ్ళి చేరుతున్నానండి. హెడ్మాస్టారికి ఇప్పుడే చెబుతాను” అన్నాను.

ఆయన నా చేతులకేసే చూస్తూ అడిగారు. “మరి నాకు అన్నం వడ్డించేదెవరు?”

“ఇవాళ వడ్డించిందెవరో వాళ్ళేనండి” అని, హెడ్మాస్టారి వైపు లేచి వెళ్ళాను.