ఆఖరి హాప్స్ బీరు

బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు పూస్తూ ఆరు మీటర్లు పాకాల్సిన మా హాప్ తీగలు ఆ ఏడాది మూడు మీటర్లకే గిడసబారాయి. వ్యవసాయాధికారులు తెగులని తేల్చి, తోటంతా వేళ్లతో సహా పెకలించి తగలబెట్టమన్నారు. నా మొగుడు బొగోమిర్ ట్రాక్టరు తనే నడిపాడు. ముందటేడు ఇంటికని దాచిన సంచీడు పూలు మాత్రం అటక మీద మిగిలాయి.

సెప్టెంబరు చివర, "వీటితో ఒక్కసారి బీరు కాస్తానే. నవంబరులో మార్టిన్ పండక్కి అందర్నీ పిలుద్దాం" అన్నాడు.

పక్కింటి లుడ్విక్ పకపకా నవ్వాడు. "పోయినసారి నీ బీరు తాగామా? నమిలాం కదరా!"

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. ఈసారి నలక కనపడకూడదనుకున్నాడు. బీరు పులిసి నురగ దిగాక, ఉడకబెట్టిన పల్చటి గుడ్డసంచిలో పూలు నింపి, తేలకుండా గాజు గోలీలు వేసి, పీపాలోకి దించాడు. నాలుగు రోజులకి సంచి తీశాడు. ఇల్లంతా తోట వాసన.

చిక్కదనం కొలిచే గాజు గొట్టం నేనే వేసి చూశాను. "పూలు వేసిన రోజుకంటే రెండు గీతలు దిగిందయ్యా. మళ్లీ పులుస్తోంది. పూలు వేస్తే ఒక్కోసారి ఇలా అవుతుందని మీ నాన్న అనేవాడుగా. పులవడం ఆగకుండా సీసాల్లో బిగిస్తే లోపల గ్యాసు ఎక్కువవుతుంది, ఇంకో వారం ఆగు."

"పండగ ఆగుతుందేంటే? రెండు గీతలకి కొంపలేం మునగవు."

నేను ఊరుకున్నాను. తోట పోయాక ఆయన మొహంలో కళ చూడటం అదే మొదలు.

పీపాని నేలమాళిగలో రెండు రోజులు చల్లగా ఉంచితే మడ్డంతా అడుక్కి దిగింది. రబ్బరు గొట్టం కొసని మడ్డికి నాలుగు వేళ్ల పైన పట్టుకుని, ఊపిరి బిగబట్టి సీసాలు నింపాడు. "పీపా కదపకే తల్లీ!" అడుగున రెండు లీటర్లు అలాగే వదిలేశాడు. నురగ కోసం సీసాకి చెంచాడు చక్కెర వేసి నేను మూతలు బిగించాను. నలభై సీసాలూ చెక్క డబ్బాల్లో సర్ది పొయ్యి పక్క గదిలో పెట్టాం.

పండగ ఇంకా ఐదు రోజులుందనగా, పొద్దున్నే ఒక సీసా తీసుకుని కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

"జల్కా, ఇటు చూడవే, అద్దంలా ఉంది!"

తుపాకీ పేలినట్టయింది. నేను పరిగెత్తేసరికి ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నురగ, నెత్తురు కలిసి కారుతున్నాయి.

త్సెల్యె పట్నం ఆసుపత్రిలో కుడికన్ను తీసేశారు.

మిగిలిన సీసాల దగ్గరికి నన్ను పోనివ్వలేదు లుడ్విక్. వెల్డింగు ముసుగు, తోలుకోటు వేసుకుని, తడి గోనెలు కప్పి ఒక్కో డబ్బా బయటికి మోసి మూతలు తీశాడు. రెండు సీసాలు దారిలోనే పేలాయి. పని అయ్యాక ముసుగు తీసి మెట్ల మీద కూలబడ్డాడు.

"నేనా మాట అనకుండా ఉండాల్సింది."

"నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది" అన్నాను.

వసంతంలో ఆ పొలంలో మొక్కజొన్న వేశాం. విత్తనం లుడ్వికే వేశాడు, ఒంటికంటికి దూరం అందక సాళ్లు వంకర పోతున్నాయని బొగోమిర్ ట్రాక్టరు దిగేశాడు మరి. ఆ రోజు లుడ్విక్‌కి కాఫీ గిన్నె బొగోమిరే తెచ్చాడు. కప్పులో పోయబోతే పక్కన బల్ల గుడ్డ మీద పడింది.

"నేను పోస్తానుండు" అన్నాను.

"వద్దు."

రెండోసారీ గురి తప్పింది. మూడోసారి కప్పు అంచుకి వేలు ఆనించి, ఆ ఆనవాలుతో పోశాడు. వేలు కాలింది. అయినా తీయలేదు, కప్పు నిండేదాకా.