ఐదు మీటలు

పదహారో బల్ల తుడవడంతో గుడ్డ ఎనిమిదో ముఖం కూడా మాసింది. కుమారమ్మ దాన్ని బండికి తగిలించిన సంచిలో వేసి, కొత్త గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. మడత విప్పుతూ పోతే ఒక గుడ్డకు ఎనిమిది ముఖాలు, ముఖానికి రెండు బల్లలు. సింగపూర్ వన్-నార్త్‌లోని ఆ ఆఫీసు ఏడో అంతస్తును ఆమె పన్నెండేళ్ళుగా ఈ లెక్కనే తుడుస్తోంది. అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది. మణికట్టు ఎముకలు గోలీల్లా పైకి లేచాయి. మెడలో దారానికి కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది.

ఏప్రాన్ జేబులో ఫోను మోగింది. కూతురు శాలిని.

"అమ్మా, టుడే ఫోర్ ఓ క్లాక్ నర్సు వస్తుంది. మర్చిపోకు ఆ. వుడ్‌ల్యాండ్స్ హోమ్‌లో బెడ్ ఖాళీ అయింది. ఈరోజు ఎస్ అనకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు లా."

"నర్సమ్మని చూడనీ ముందు."

"ఏం చూస్తుంది మా? నాన్న ఆ డబ్బాకి తలూపుతున్నారు. నా కళ్ళతో నేను చూశాను."

కుమారమ్మ కాల్ ఆపేసింది. ఫోను జేబులో వేసి, పడిపోలేదు కదా అని మరోసారి తడిమి చూసుకుంది.

భర్త రామయ్యకు ఏడు నెలల క్రితం కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఎడమ చెయ్యి కదులుతుంది, తల కదులుతుంది. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు గ్రీజు పూసిన చెయ్యి అది. ఆయన్ని ఇంట్లో ఉంచొచ్చా, వృద్ధుల హోమ్‌కు పంపాలా అని తేల్చడానికి పోయినసారి వచ్చినప్పుడు నర్సు ఒకే ఒక మాట అడిగింది. పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా మీరు పనిలో ఉంటారు, అడిగే మనిషి లేనప్పుడు ఈయనకేం కావాలో ఎలా తెలుస్తుంది? ఎదురింటి రొహానా తలుపు తీసే ఉంచుతుంది, కేక వేస్తే వస్తుంది. కానీ కేక వేసే గొంతేది?

ఆ ప్రశ్న పట్టుకుని కుమారమ్మ మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజున ఆఫీసువాళ్ళు పారేయబోతున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి అడిగింది. సూపర్‌వైజర్ చేత చీటీ రాయించుకుని మరీ తెచ్చుకుంది. దాని బ్యాటరీ చచ్చిపోయింది. తెర మీద నిలువుగా ఆకుపచ్చ గీత. షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరై, అదే బ్లాకులో ఉంటున్న వెంకటరాజు రెండు ఆదివారాలు కూర్చుని, మీట నొక్కితే ముందే రికార్డు పట్టి ఉంచిన మాట పలికేట్టు చేశాడు. ఒక స్పీకరు తగిలించాడు. మాట ఎలా పట్టాలో ఆయన చెబుతుంటే ఆమె క్యాలెండరు కాగితం వెనక వరసగా రాసుకుంది. తెలుగు అక్షరాలు ఆమె అలాంటి కాగితాల మీదే, పెళ్ళయ్యాక, తనంతట తాను నేర్చుకుంది. ఐదు మీటలకు ఐదు రంగుల టేపులు అంటించి, తన గొంతు పట్టింది. అన్నీ బాగానే కుదిరాయి. కానీ రామయ్య రెండు రోజులు నొక్కి, తల ఊపి, ఊపి, చివరికి ఆ యంత్రాన్ని పక్కకు తోసేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

ముప్ఫై ఒకటో బల్ల దగ్గర ఆమె వంగి వైర్ల కింద తుడుస్తుండగా వెనక ఆడపిల్ల గొంతు వినిపించింది. "ఎక్స్‌క్యూజ్ మీ. ఐ యామ్ క్లీనింగ్. ప్లీజ్ గివ్ వే."

నేల తుడిచే తెల్ల యంత్రం. రోజూ వచ్చేదే. రోజూలాగే కుమారమ్మ పక్కకు జరిగింది. జరిగాక, చేతిలో గుడ్డతో అలాగే నిలబడిపోయింది. నీకు దారి కావాలా అని దాన్ని ఎవరూ అడగలేదు. తనకేం కావాలో అదే చెప్పుకుంది.

మరి తన యంత్రం ఏం చెబుతోంది? నీలం మీట నొక్కితే, "మంచినీళ్ళు తాగుతారా అండీ?" పచ్చ మీట నొక్కితే, "ఫ్యాను వెయ్యనా అండీ?" నలభై నాలుగేళ్ళుగా ఆమె అడగడం, ఆయన ఊఁ అనడం. ఆయన నోరు తెరిచి ఒకటి కావాలన్నది లేదు. ఆ అలవాటునే ఐదు మీటల్లో పెట్టింది. పాపం ఆయన నీళ్ళ మీట నొక్కాడు. తాగుతారా అని అది అడిగింది. ఊఁ అని తలూపాడు. నీళ్ళు రాలేదు. మళ్ళీ ఊపాడు.

"ఐయో, ఆయన బుర్రకేం కాలేదు," అంది కుమారమ్మ, ఖాళీ బల్లలతో.

బువోనా విస్టాలో రైలు మారి జురాంగ్ ఈస్ట్ ఫ్లాటుకు చేరేసరికి రెండు దాటింది. రామయ్యకు గంజి తాగించి, మూతి తుడిచి, యంత్రాన్ని మంచం పక్కకు లాగింది. క్యాలెండరు కాగితం ముందు పెట్టుకుంది. తెర మీద రికార్డు పట్టే ఎర్ర చుక్క నొక్కింది.

"నీళ్ళు కావాలండీ." ఆపేసింది. ఆయన తనను అండీ అంటాడా?

"కాస్త నీళ్ళు ఇస్తావా?" అదీ ఆయన మాట కాదు. గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, గట్టిగా అంది. "నీళ్ళు తే."

అని, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసింది. మంచం మీద రామయ్య మూతి ఎడమ కొస కదిలింది.

"నవ్వకండి. మీ తరఫున నేను గదమాయించాల్సి వస్తోంది." మళ్ళీ చుక్క నొక్కింది. "ఫ్యాను వెయ్యి." "నొప్పిగా ఉంది." "బాత్రూముకు తీసుకెళ్ళు." ఒక్కోటీ నాలుగేసి సార్లు.

మిగిలింది ఎర్ర టేపు మీట. తనను పిలవడానికి. ముందు అందులో "నన్ను పిలిచారా?" అని పెట్టింది. ఆయన ఆమెను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. వంటింట్లో ఉన్నా, ఆసుపత్రిలో శాలినిని కన్న రోజైనా ఒకటే పిలుపు. ఆమె ఆ మాటను ఆయన అనే తీరులోనే, చివర కొంచెం సాగదీసి, పట్టింది.

నాలుగింటికి నర్సు వచ్చింది. వెనకే శాలిని. నర్సు అంతా విని, అందరినీ బయటకు రమ్మని తలుపు వేసింది. వరండాలో ముగ్గురూ నిలబడ్డారు. ఎదురు గుమ్మంలో రొహానా. లోపల్నుంచి చప్పుడు లేదు. శాలిని ఫోనులో టైము చూసింది. కుమారమ్మ తాళిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఫ్యాను వెయ్యి," అంది లోపల్నుంచి కుమారమ్మ గొంతు.

శాలిని తలెత్తి తల్లిని చూసింది. నర్సు వెళ్ళి ఫ్యాను వేసి వచ్చి, మళ్ళీ తలుపు మూసింది. "వన్ మోర్."

ఈసారి చాలాసేపు పట్టింది. తర్వాత వినిపించింది. "ఇదిగో..."

"ఆఁ, వస్తున్నా," అంటూ కుమారమ్మ నర్సును దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాటకు అర్థమేమిటని నర్సు శాలినిని అడిగింది. "అది... అమ్మని పిలవడం," అని శాలిని ఇంగ్లీషులో చెప్పింది. నర్సు కాగితం మీద ఏదో రాసింది. ఇంట్లోనే ఉండొచ్చు, మూడు నెలలకు మళ్ళీ చూస్తాను అంది.

"సరే లా," అంది శాలిని. "బెడ్ వద్దని ఫోన్ చేస్తా."

ఆ తర్వాత పదకొండు రోజులు ఆ ఇంట్లో కుమారమ్మ గొంతు రెండు చోట్ల నుంచి వినిపించింది. ఆమె పనిలో ఉన్నప్పుడు పిలుపు వస్తే రొహానా "సెకెజాప్, సెకెజాప్" అంటూ, ఒక్క నిమిషం ఆగమని చెప్పుకుంటూ పరుగెత్తేది. రామయ్య నీళ్ళకంటే ఫ్యానుకంటే ఎర్ర మీటనే ఎక్కువ నొక్కాడు.

పన్నెండో రోజు ఆదివారం. మధ్యాహ్నం కుమారమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పిలుపు వచ్చింది. చెయ్యి కడుక్కుని వెళ్ళింది. ఏం కావాలి అని అడగబోయి, మానుకుంది. ఆయన ఇంకో మీట నొక్కలేదు. ఆమె మంచం అంచున కూర్చుంది. పక్కనే ఉన్నా ఆయన మళ్ళీ నొక్కాడు.

"ఇక్కడే ఉన్నాగా," అంది.

కాసేపటికి చూస్తే వేలు ఇంకా మీట మీదే ఉంది. యంత్రం ఏమీ అనలేదు.

రామయ్య పోయి నెల తిరిగాక శాలిని ఆ డబ్బాను పారేద్దామంది. కుమారమ్మ ఒప్పుకోలేదు. పై అంతస్తులో చీనా తాతకు మాట పడిపోయిందని వెంకటరాజు చెప్పాడు. ఆమె ఎర్రది తప్ప మిగతా టేపులు పీకి, గుడ్డ నాలుగు మడతలు పెట్టి యంత్రాన్ని తుడిచి, పైకి మోసుకెళ్ళింది. ఆ తాత భార్యకు ఎర్ర చుక్క చూపించి, వచ్చీరాని మలయ్‌లో, ఆయన్ను అడగొద్దు, ఆయనే అడుగుతున్నట్టు చెప్పు అని అర్థమయ్యేదాకా చెప్పింది. అర్థం కాకపోతే రేపు మళ్ళీ వస్తానంది.

పైకి తీసుకెళ్ళే ముందు వెంకటరాజు చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎర్ర టేపు మీటను పైకెత్తి ఊడదీసి ఆమెకిచ్చాడు. అది ఇప్పుడు వంటింటి కిటికీలో, ఉప్పు సీసా పక్కన ఉంది. దాని ఎర్ర టేపు నాలుగు అంచులా కొత్తగానే ఉంది, నడిమధ్యలో మాత్రం వేలి కొసంత మేర అరిగి తెల్లబడింది.