నాలుగింటికి కిటికీ పక్క టేబుల్

ఫోను మోగేసరికి నేను లాడ్జి గదిలో మంచం మీద నిలబడి, తడి చున్నీని కిటికీ ఊచకి కడుతున్నాను. అవతల టీ దుకాణంలోంచి మెత్తటి ఆడగొంతు. ఎవరో రాలేమన్నారట, కిటికీ పక్కన ఇద్దరి టేబుల్ ఈరోజు నాలుగింటికి ఖాళీ అయిందట, కావాలంటే మాదేనట. నాలుగూ పది దాకా చూస్తుందట, అప్పటికి రెండు కుర్చీలూ నిండకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తుందట. నేను మంచం మీదే గెంతాను. కింది గదివాళ్ళు పైకప్పు మీద కర్రతో కొట్టారు. ఇంకోసారి గెంతాను.

ఆ టీ దుకాణంలో ఉన్నవి ఎనిమిదే టేబుళ్ళు. అంతకు ముందు రెండుసార్లు అడిగి లేదనిపించుకున్నాను.

టీ అంటే అంత మోజేమిటని అడుగుతారేమో. మోజు టీ మీద కాదు. మాకు పెళ్ళయి ముప్ఫై ఎనిమిది రోజులు. అత్తగారింట్లో ఆరింటికల్లా పెద్ద గిన్నెడు టీ కాస్తారు. మామగారికి పేపరు దగ్గర, మరిదికి బాత్రూం తలుపు దగ్గర, మా ఆయనకి చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గర అందిస్తాను. నాది వంటింటి గట్టు పక్కన, నిలబడి, చల్లారాక. ఇన్ని రోజుల్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్క కప్పు తాగలేదు. ఇంట్లో అందరూ మంచివాళ్ళే, అందుకే ఎవరి మీదా విసుక్కోవడానికి కూడా వీల్లేదు. రెండు రోజుల సెలవు దొరికింది, ఊరు మారాం. ఆ కప్పు తాగకుండా తిరుగు రైలెక్కేది లేదని స్టేషన్లోనే చెప్పేశాను.

మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు సానబెడతాడు. ఏది చేతికిచ్చినా ముందు వెలుతురుకెత్తి చూస్తాడు. కబురు విని సగం గీసిన గడ్డంతో నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నురగ వెనక మొహం వాడిపోయింది.

"అక్క మధ్యాహ్నం భోజనానికి రమ్మంది. నాలుగింటికి చుట్టాలొస్తారట," అన్నాడు.

వాళ్ళక్కది ఈ ఊరే. స్కూలు యూనిఫారాలు కుట్టే దుకాణం నడుపుతుంది. మెడలో టేపు తీయకుండానే అన్నం తింటుంది, మనిషిని చూస్తూనే చుట్టుకొలత చెప్పేస్తుంది. కొత్త మరదలిని చూపించుకోవడానికి ఐదుగురిని పిలిచిందట. మరి మీరేమన్నారని అడిగాను.

"చూద్దాం అన్నాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. చూద్దాం అంటే లేదనేగా అర్థం. చిన్నప్పుడు సైకిలు అడిగితే మా నాన్న చూద్దాం అన్నాడు, డిగ్రీ అయ్యేదాకా నడిచే వెళ్ళాను. మా ఇంట్లో ఆ మాట కింద ఎన్ని కోరికలు సమాధి అయ్యాయో లెక్కలేదు.

కానీ ఆయన తల వంచుకున్న తీరు చూశాక గుర్తొచ్చింది. మా సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజు మామగారు లేస్తూ లేస్తూ "చూద్దామండీ" అన్నారు. మా అమ్మ మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాలుగో రోజు వాళ్ళు ఫోన్ చేసి, పెళ్ళి ఏ నెలలో పెట్టుకుందామని అడిగారు. వీళ్ళింట్లో చూద్దాం అంటే ఖాయం. అంటే మా ఆయన మాటిచ్చేశాడు. అక్కడ కూరలు కూడా తరిగేసి ఉంటారు.

లాడ్జి పక్క సందులో ఆరు స్టూళ్ళు పట్టే దుకాణంలో టిఫినుకి కూర్చున్నాం. ఒక పెద్దాయన వెన్న దట్టంగా రాసి రొట్టె కాలుస్తాడు. నోరు విప్పడు. ప్లేటు తయారైతే అట్లకాడతో పెనం మీద రెండుసార్లు కొడతాడు. వెన్న నా మోచేతిదాకా కారింది. అంత రుచిగా ఉన్నది తింటూ కోపంగా ఉండటం కష్టం, అయినా ఉన్నాను. భోజనానికి వెళ్ళి మూడున్నరకి లేచొచ్చేద్దామన్నాడు మా ఆయన. మీవాళ్ళ వీడ్కోళ్ళు నాకు తెలియనివా అన్నాను. గుమ్మం దగ్గర గంట, మెట్ల దగ్గర అరగంట, రోడ్డు మీద ఇంకో పావుగంట.

ఆయన ఫోను తీసుకుని నేనే చేశాను.

"మేం రావడంలేదు వదినా. భోజనానికీ రాము, నాలుగింటికీ రాము."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"పెళ్ళయి రెండు నెలలు కాలేదు, అప్పుడే మావాణ్ణి కొంగుకి కట్టేసుకున్నావా?"

"కట్టుకున్నదాన్నే కదా వదినా. కట్టేసుకోకపోతే మీ వైపు జారిపోతాడు."

మా ఆయనకి పొలమారింది. పెద్దాయన ప్లేటేమీ లేకుండానే పెనం మీద రెండుసార్లు కొట్టాడు.

"నీ నోటికి రెండు కుట్లు వేసి పంపాల్సింది మీ అమ్మ. వాడికివ్వు ఫోను."

ఇచ్చాను. ఆయన ఊఁ అన్నాడు, ఊఁ అక్కా అన్నాడు. చివరికి, నా మొహంలోకి చూస్తూనే, చూద్దాం అనేశాడు.

అరవలేదు. రొట్టె చివరి ముక్క నమిలి మింగాక చెప్పాను. నాలుగింటికి నేను ఆ టేబుల్ దగ్గరే ఉంటాను. ఇద్దరికీ టీ చెప్తాను. మీరు రాకపోతే వాళ్ళు లేవగొట్టేదాకా కూర్చుని రెండు కప్పులూ నేనే తాగుతాను. మాటిచ్చింది మీరు, వెళ్ళి మీ నోటితోనే వెనక్కి తీసుకోండి. ఎదురుగా చెప్పడం ఇంకా కష్టమన్నాడు. అయితే ఇంకా మంచిదన్నాను. ఆయన బస్సెక్కాడు. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను. ఒక్కసారి చూశాను.

మధ్యాహ్నం ఒంటరిగా, తెల్ల గుడ్డలు పరిచిన పెద్ద రెస్టారెంటులోకి నడిచి నలుగురు పట్టే టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఇంకా ఎవరైనా వస్తారా అమ్మా అని వెయిటరు రెండుసార్లు అడిగాడు. రారు అని రెండుసార్లూ చెప్పాను. ముందు కేకు తెమ్మన్నాను, తర్వాత సూపు. అతను వింతగా చూశాడు. చూడనీ. కేకు మధ్యలో ఇంకా వెచ్చగా ఉంది, సూపులో మిరియాలు ముక్కుకెక్కాయి, గుడ్డకి ఇస్త్రీ వాసన. మధ్యలో ఏడుపొచ్చింది కానీ అది మిరియాల వల్లేనని ఇప్పటికీ వాదిస్తాను.

నాలుగింటికి టీ దుకాణం చెక్కమెట్లెక్కాను. కిటికీ పక్క టేబుల్ ఎంత చిన్నదంటే ఎదురుగా మనిషి కూర్చుంటే మోకాళ్ళు తగలాల్సిందే. టీ చల్లారకుండా కూజాకి ఉన్ని టోపీ తొడిగారు. ఎదుటి కుర్చీలో నా చేతిసంచీ పెట్టాను. ఫోన్లో మాట్లాడిన ఆవిడే వచ్చి, సంచీని మనిషి కింద లెక్కపెట్టడం కుదరదని మెత్తగా చెప్పింది. నాలుగూ పదికి ఇంకా టైముందని నేనూ మెత్తగానే చెప్పాను.

నాలుగూ ఎనిమిదికి మెట్ల మీద చప్పుడైంది. ఇద్దరు మనుషుల అడుగులు. ముందు మా ఆయన, చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. వెనక వదిన, మెడలో టేపు, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు.

ఆయన సంచీ తీసి కింద పెట్టి కూర్చున్నాడు. నా మోకాలికి ఆయన మోకాలు తగిలింది.

"వడ్డించిన విస్తరి ముందు నిలబడి 'నేను వెళ్ళాలి' అన్నాడు," అంది వదిన. "వీడు పుట్టి ముప్ఫై ఏళ్ళయింది, నేను చెప్పిన ఒక్కదానికీ కాదనలేదు. వీడికి ఆ మాట నేర్పిందెవరో చూసిపోదామని వచ్చాను."

నన్ను తల నుంచి కాళ్ళదాకా చూసింది. నా కొలతలన్నీ తీసేసుకుందనిపించింది. తర్వాత టీతో పాటు పెట్టిన మూడు అంగుళాల రొట్టెముక్కల్ని చూసి, వీటికా నా వంట వదిలేసుకున్నారని అడిగింది. కూర్చుందామని అటూ ఇటూ చూసింది. ఖాళీ కుర్చీ లేదు.

మా ఆయన అలవాటుగా సగం లేచాడు. నేను ఆయన పాదం మీద పాదం వేశాను, కానీ తొక్కలేదు. ఆయన్ని కూర్చోబెట్టే పని నేను చేస్తే లాభం లేదు. కూజా మీది ఉన్ని టోపీనే చూస్తూ ఆయన ఒక్క క్షణం అలాగే వంగి ఉండిపోయాడు. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

"ఇది ఇద్దరి టేబుల్ అక్కా," అన్నాడు.

పెద్దగా అనలేదు. అయినా పక్క టేబుల్ వాళ్ళు చెంచాలు కింద పెట్టారు. వదిన తమ్ముణ్ణి చూస్తూ క్యారియరు చెయ్యి మార్చుకుంది. తర్వాత అడిగింది మాత్రం నన్ను.

"ఇంట్లో ఐదుగురు వచ్చి కూర్చుని ఉంటారు. వాళ్ళకేం చెప్పమంటావే?"

టోపీ తీసి ముందు ఆయన కప్పులో, తర్వాత నా కప్పులో టీ పోశాను. పొగలు ఆయన కళ్ళద్దాల మీదికి వెళ్ళాయి.

"నన్ను రేపు చూస్తారని చెప్పండి వదినా. పన్నెండున్నరకి నది ఒడ్డు హోటల్లో పొడుగు టేబుల్ చెప్తాను. ఐదుగురినీ, అన్నయ్యగారినీ తీసుకురండి, క్యారియరు మాత్రం తేకండి. మీరు వండకుండా, వడ్డించకుండా కూర్చుని తినాలి, అది నేను చూడాలి. మూడింటికి మేమిద్దరం లేచి వెళ్ళిపోతాం, గుమ్మం దగ్గర వీడ్కోళ్ళుండవు. నాలుగింటికి ఎక్కడ టీ తాగుతామో మీకు చెప్పం."