తవిటమ్మ పంక్తిలో కూర్చుంది

తవిటమ్మ విశాఖపట్నంలో బస్సు దిగేసరికి లాడ్జి గది ఆమె కోసం బస్టాండుకి వచ్చి ఉంది. నీలం సున్నం గోడలు, ఒక మంచం, ఉతికిన దుప్పటి, తూర్పు కిటికీ. లాడ్జి గుమాస్తా ఉమామహేశ్వరం దాని తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బస్సు ఆలీసమైపోనాదేటమ్మా? పొద్దుట్నుంచీ ఎదురెళ్దామని ఒకటే గోల పెడతంది ఇది," అంటాడు.

"మీదకి రాదు కదా?"

"కొత్తోళ్ల దగ్గిర సిగ్గండి. దాని తువ్వాలు మీ బుజం మీదేసుకోండి, ఎనకే వచ్చీస్తాది."

తవిటమ్మ తువ్వాలు వేసుకుంటుంది. గది వెనకాలే నడుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆమె కొంగు పట్టుకుంటుంది.

ఆమెది పాలకొండ దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకి వంటలు చేస్తోంది. ఊళ్లకి ఊళ్లే ఆమె పనసపొట్టు కూర తిని లొట్టలేశాయి. ఆమె మాత్రం అందరూ లేచాక, గుండిగ అడుగున మిగిలింది, అదీ చల్లారాక, నిలబడే తింటుంది. వంటవాళ్లు కడపట తినడం ఆనవాయితీ. ఇప్పుడు ఆషాఢం, పెళ్లిళ్లు లేవు. ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క పూట, పంక్తిలో కూర్చుని, ఎవరో వడ్డిస్తుంటే, పొగలు కక్కే అన్నం కడుపునిండా తినాలని పట్నం వచ్చింది. శ్రావణం రాగానే మళ్లీ గరిటె పట్టాలి.

ముందు సరదా అనుకుని కైలాసగిరి రోప్‌వే ఎక్కుతుంది. గది ఎదురు సీట్లో కూర్చుంటుంది. పెట్టె పైకి వెళ్లేకొద్దీ ఆమె వయసు కిందికి దిగుతుంది. కొండకొసకి చేరేసరికి పదేళ్లు. లంగా ఎగ్గట్టి కొండంతా పరుగెడుతుంది, గది ఆయాసపడుతూ వెనకాల. దిగేటప్పుడు ఏళ్లన్నీ తిరిగి వచ్చేస్తాయి, ఎప్పుడో ఊడిన దవడ పన్ను మాత్రం కొత్తగా మిగిలిపోతుంది. భోజనానికి పనికొస్తుందని తవిటమ్మ సంబరపడుతుంది.

బీచిలో ముంత మసాలా వాసన లాగేస్తుంది. ఆకలి చెడుతుందని తను ముట్టదు. గది మూడు పొట్లాలు తింటుంది.

మిట్టమధ్యాహ్నానికి పాతపోస్టాఫీసు దగ్గర కామేశం గారి మెస్సుకి చేరతారు. గది చెప్పుల దగ్గర ఆగిపోతుంది. లోపల పంక్తి హాల్లో మొదలై, పెరటి గుమ్మం దాటి, జగదాంబ సెంటరు దాకా సాగుతోంది.

"రాండప్పా, కూకోండి. ఈ ఆకు మీదే," అంటాడు కామేశం.

ముద్దపప్పు పడుతుంది. నెయ్యి పడుతుంది. అన్నం మీద పొగ లేస్తోంది. తవిటమ్మ చెయ్యి ఆకు మీదికి వెళ్తుండగానే పంక్తి ఆ చివర ఎవరో అరుస్తారు.

"చారు!"

ఆ కేక విని కూర్చోవడం ఆమె జన్మలో లేదు. "కూకోయే తవిటీ," అని తనకి తనే చెప్పుకుంటుంది. ఆమె కూర్చునే ఉంటుంది. చేతులు రెండూ మాత్రం గాజులతో సహా లేచి వెళ్లి చారు బకెట్టు అందుకుంటాయి.

"మీయేనా అవి? పని తెలిసినయే," అంటాడు కామేశం మెచ్చుకోలుగా. "ఇక్కడ మనుసులు సాలక సస్తన్నాం."

చారు అయ్యాక అన్నం బకెట్టు అందుకుని, చేతులు వరసగా వడ్డించుకుంటూ ఆమె దగ్గరికి వస్తాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే అంటారు. ఇక్కడ వడ్డించేవి స్వయానా తన చేతులే, అయినా అవి ఆమెని గుర్తుపట్టవు. అన్నం పెడతాయి. మళ్లీ పెడతాయి. వద్దనాలంటే ఆకు మీద చేతులు అడ్డం పెట్టాలి. ఆమెకి అడ్డం పెట్టడానికి చేతులేవీ? అన్నం దూలం దాకా లేస్తుంది. అడుగున పప్పు చల్లారిపోతోంది.

తవిటమ్మకి ఒళ్లు మండుతుంది. ఆ వెంటనే ఏడుపొస్తుంది. ఇంత దూరం వచ్చీ ఇదేనా అనిపిస్తుంది.

"ఒలే, నాకాకలేస్తందే," అంటుంది చేతులతో.

ముప్పై ఏళ్లలో ఏ పంక్తి దగ్గరా ఆమె ఆ మాట పైకి అనలేదు. చేతులు ఆగిపోతాయి. బకెట్టు కింద పెడతాయి. ఎడమ చెయ్యి ఆమె చెమట తుడుస్తుంది. కుడి చెయ్యి వేడన్నం దింపి, పప్పు కలిపి, నెయ్యి ఓడుతున్న ముద్ద చేసి, నోటికి అందిస్తుంది.

ఎంత బావుందో! ఉప్పు సరిగ్గా ఉంది. తను వేయని ఉప్పు. తవిటమ్మ కళ్లు మూసుకుని నములుతుంది, నవ్వుతుంది, పొలమారుతుంది, చెయ్యి తలమీద తట్టి మళ్లీ పెడుతుంది. పనసపొట్టు కూర తన కూరకంటే కొంచెం తక్కువేనని కూడా గమనించి, ఇంకా సంతోషిస్తుంది.

కొండంత అన్నం తరిగి ఆకు కనబడుతుంది. అప్పుడు తలెత్తి చూస్తుంది. పంక్తిలో అందరిదీ ఎప్పుడో అయింది, ఎంగిలి చేతులు ఎండిపోయాయి, అయినా ఒక్కరూ లేవరు. కడపటి మనిషి తినేదాకా లేవకూడదు మరి. జగదాంబ సెంటర్లో సిటీ బస్సులు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాయి. హార్బరులో ఓడలు ఆకుల ముందు ఓపిగ్గా కూర్చున్నాయి. పట్నమంతా ఆమె కోసం ఆగింది.

"అయిపోనాదేటప్పా?" అంటాడు కామేశం.

అయిందనడం మర్యాద. తవిటమ్మ ఒక్క క్షణం ఆలోచిస్తుంది.

"మజ్జిగ!" అని కేకేస్తుంది.

హార్బరు అవతల యారాడ కొండ ఉలిక్కిపడి లేస్తుంది. లైటుహౌసుని చెవి వెనక దోపుకుని, నీళ్లోడుతున్న కాళ్లతో ఓడలని తొక్కకుండా దాటుకుంటూ, మజ్జిగ బకెట్టు పట్టుకుని పంక్తిలోకి వచ్చి, ఆమె ముందు నడుం వంచుతుంది.